చుట్టాల మాటలు: స్పానిష్ వారు ఇంగ్లీషు పెద్ద మాటలు నేర్చుకునే తీరు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

– స్పానిష్ మాట్లాడేవారికి ఇంగ్లీషులోని పెద్ద మాటలు ఎందుకు తేలికగా అందుతాయో చెప్పగలుగుతారు.
– రూపం ఒకేలా ఉండి అర్థం వేరుగా ఉన్న మాటలను గుర్తించగలుగుతారు.
– ఇదే పద్ధతిని మీరు హిందీ వంటి భాష నేర్చుకునేటప్పుడు ఉపయోగించగలుగుతారు.

1. ముందుగా ఒక ప్రశ్న

ఇంగ్లీషులో 'మూన్' అనే మాట తేలికా, 'లూనార్' అనే మాట తేలికా? 'స్లీప్' తేలికా, 'డార్మెంట్' తేలికా? మీరు వెంటనే 'మూన్', 'స్లీప్' తేలిక అంటారు. అవి చిన్నపిల్లల వాచకాల్లో వచ్చే మాటలు. 'లూనార్', 'డార్మెంట్' పెద్ద చదువుల పుస్తకాల్లో కనిపించే మాటలు.

ఇదే ప్రశ్న మెక్సికోలోనో, కొలంబియాలోనో పుట్టి పెరిగిన ఒక మనిషిని అడిగామనుకోండి. జవాబు తిరగబడుతుంది. ఆయన ఇంట్లో చంద్రుణ్ణి 'లూనా' అంటారు. నిద్రపోవడాన్ని 'దొర్మీర్' అంటారు. కాబట్టి 'లూనార్' అంటే చంద్రునికి సంబంధించినదని, 'డార్మెంట్' అంటే నిద్రాణమై ఉన్నదని ఆయన ఇట్టే పోల్చుకుంటాడు. 'మూన్', 'స్లీప్' అనే చిన్న మాటలనే ఆయన కొత్తగా బట్టీ పట్టాలి.

ఇది వింతగా తోచవచ్చు. కాని ఇటువంటిదే మన తెలుగులోనూ జరుగుతుంది. ఉత్తరప్రదేశ్ నుంచి హైదరాబాదుకు పని మీద వచ్చిన ఒక హిందీ మనిషిని ఊహించుకోండి. 'జలాశయం', 'నేత్రదానం', 'హస్తకళ' అనే మాటలు ఆయనకు తేలికగానే అర్థమవుతాయి. 'నీళ్ళు', 'కళ్ళు', 'చేతులు' అంటేనే తెల్లమొహం వేస్తాడు. మనకు ఇంటి మాటలు ఆయనకు కష్టం, మనకు బడి మాటలు ఆయనకు తేలిక. ఈ పోలికను గుర్తుంచుకోండి. పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో బడి చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవారూ ఉన్నారు. హైస్కూలు చదువుకు సమానంగా అక్కడ గుర్తింపు ఉన్న జి.ఇ.డి. పరీక్షను స్పానిష్ భాషలో కూడా రాయవచ్చు. ఆ తరవాత కాలేజీకి వెళ్ళాలన్నా, మంచి ఉద్యోగం దొరకాలన్నా ఇంగ్లీషు పెద్ద మాటలు రావలసిందే. ఆ మాటలు వారు ఎలా నేర్చుకుంటారో తెలుసుకుంటే, ఏ భాష నేర్చుకునేవారికైనా పనికివస్తుంది.

2. ఈ చుట్టరికం ఎక్కడిది?

స్పానిష్ భాషకు తల్లి లాటిన్. క్రీస్తుకు పూర్వం 218లో రోము సైన్యాలు ఇప్పటి స్పెయిన్ నేల మీద అడుగు పెట్టాయి. వారి వెంట లాటిన్ వచ్చింది. సైనికులు, వ్యాపారులు, రైతులు మాట్లాడుకున్న ఆ లాటినే శతాబ్దాలు గడిచేసరికి స్పానిష్‌గా మారింది.

ఇంగ్లీషు కథ వేరు. దాని మూలం జర్మన్ భాషా కుటుంబంలో ఉంది. తినడం, తాగడం, ఇల్లు, తల్లి, చేయి వంటి ఇంటి మాటలన్నీ ఆ కుటుంబానివే. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరవాత చాలాకాలం రాజసభలో, న్యాయస్థానంలో ఫ్రెంచి నడిచింది. ఫ్రెంచి కూడా లాటిన్ బిడ్డే. తరవాతి కాలంలో పండితులు విజ్ఞానం, వైద్యం, మతం గురించి రాయడానికి నేరుగా లాటిన్ నుంచి వేలాది మాటలు తెచ్చుకున్నారు. ఈ రెండు దారులలో వచ్చిన మాటలను కలిపి లెక్కిస్తే, ఇంగ్లీషు నిఘంటువులో సగానికి పైగా ఉంటాయి.

కాబట్టి ఇంగ్లీషులో రెండు పొరలు ఉన్నాయి. కింది పొర ఇంటి మాటలది, పై పొర చదువు మాటలది. తెలుగులో కూడా ఇంతే. నీరు, కన్ను, చేయి అనే ద్రావిడ మాటలు కింది పొర. జలం, నేత్రం, హస్తం అనే సంస్కృతం మాటలు పై పొర. ఇంగ్లీషులో ఉన్న ఆ పై పొరతోనే స్పానిష్‌కు చుట్టరికం.

న్యూజిలాండుకు చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో ఒక పట్టిక ప్రచురించారు. కాలేజీ పుస్తకాలలో, వ్యాసాలలో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలు అందులో ఉన్నాయి. వాటిలో అధికభాగం లాటిన్, గ్రీకు మూలాలవే. అంటే స్పానిష్ విద్యార్థి ఉన్నత విద్య పుస్తకం తెరిచినప్పుడు అందులో తెలిసిన ముఖాలు చాలానే కనిపిస్తాయి.

3. మాటల తోకలు పట్టుకోవడం

ఈ చుట్టరికాన్ని పోల్చుకోవడానికి మంచి గుర్తు మాట చివరి భాగం. కింది జతలను పైకి చదవండి. స్పానిష్‌లో 'త', 'ద' ధ్వనులు మన త, ద లాగానే పలుకుతాయి. ఇంగ్లీషు ధ్వనులు మన చెవికి ట, డ లాగా వినిపిస్తాయి.

– 'సియోన్' తోక 'షన్' అవుతుంది: నాసియోన్ – నేషన్, ఇన్ఫొర్మాసియోన్ – ఇన్ఫర్మేషన్.
– 'దాద్' తోక 'టీ' అవుతుంది: ఉనివెర్సిదాద్ – యూనివర్సిటీ.
– 'ఓసో' తోక 'అస్' అవుతుంది: ఫామోసో – ఫేమస్.
– 'మెంతె' తోక 'లీ' అవుతుంది: రాపిదామెంతె – రాపిడ్లీ.
– 'ఇస్తా' తోక 'ఇస్ట్' అవుతుంది: ఆర్తిస్తా – ఆర్టిస్ట్.
– 'బ్లె' తోక 'బుల్' అవుతుంది: ఇనెవితాబ్లె – ఇనెవిటబుల్, అంటే తప్పించలేనిది.

మాట మొదట్లో కూడా ఒక గుర్తు ఉంది. మన పల్లెల్లో 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనేవారిని మీరు వినే ఉంటారు. స్పానిష్ నోటికి కూడా మాట మొదట 'స్క', 'స్ట', 'స్ప' పలకడం కష్టం. అందుకని ముందు ఒక 'ఎ' చేర్చుకుంటారు. 'ఎస్కువేలా' అంటే స్కూలు, 'ఎస్తాసియోన్' అంటే స్టేషను, 'ఎస్పెసియాల్' అంటే స్పెషల్. ముందున్న ఆ 'ఎ' తీసివేస్తే ఇంగ్లీషు మాట బయటపడుతుంది.

4. ఇంటి మాట నుంచి బడి మాటకు

తోకలు మాత్రమే కాదు, మాటల వేళ్ళు కూడా కలుస్తాయి. స్పానిష్ వారి రోజువారీ మాట ఇంగ్లీషులో చదువుకున్నవారి మాటకు వేరుగా ఉంటుంది.

– 'సోల్' అంటే సూర్యుడు. దానితో 'సోలార్' తెలుస్తుంది.
– 'మానో' అంటే చేయి. చేతితో చేసే పని 'మాన్యువల్' అని తెలుస్తుంది.
– 'నోచె' అంటే రాత్రి. రాత్రిళ్ళు తిరిగే గుడ్లగూబ 'నాక్టర్నల్' పక్షి అని తెలుస్తుంది.
– 'ఎన్ఫెర్మో' అంటే జబ్బుపడినవాడు. 'ఇన్ఫర్మరీ' అంటే రోగులను ఉంచే చోటు అని తెలుస్తుంది.
– 'ఎదిఫీసియో' అంటే కట్టడం. 'ఎడిఫిస్' అనే బరువైన మాట తెలుస్తుంది.
– 'ఎస్క్రిబీర్' అంటే రాయడం. 'మాన్యుస్క్రిప్ట్' అంటే చేతితో రాసినది అని తెలుస్తుంది.

చివరి మాటను మళ్ళీ చూడండి. అందులో 'మానో' కూడా ఉంది, 'ఎస్క్రిబీర్' కూడా ఉంది. రెండు ఇంటి మాటలు తెలిసినవాడు ఒక బడి మాటను నిఘంటువు లేకుండా విప్పగలిగాడు. ఎంత బడి చదివాడన్నది ఇక్కడ లెక్కలోకి రాలేదు. ఇళ్ళు ఊడ్చి పొట్టపోసుకునే మనిషికైనా ఈ ఆస్తి తల్లి దగ్గర నుంచే వచ్చింది. అది తన దగ్గర ఉన్నదని ఎవరైనా చెబితే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

కింది స్పానిష్ మాటలకు ఇంగ్లీషు మాటలు చెప్పండి. జవాబులు పాఠం చివర ఉన్నాయి. ముందుగా చూడకండి.
అ) ఎదుకాసియోన్  ఆ) రెయాలిదాద్  ఇ) కురియోసో  ఈ) ఫినాల్మెంతె

5. ముఖం ఒకటి, మనసు వేరు

ఇంతవరకు చదివి 'అయితే స్పానిష్ వారికి ఇంగ్లీషు చాలా తేలికే' అనుకుంటున్నారా? ఆగండి. చుట్టాలందరూ ఒకేలా ఉండరు. ఒకే ఇంట్లో పుట్టి, వేరువేరు ఊళ్ళలో పెరిగి, వేరువేరు బుద్ధులు అలవరచుకున్న అన్నదమ్ములను మీరు చూసే ఉంటారు. మాటలలోనూ అటువంటివి ఉన్నాయి.

'ఎక్సితో' అనే స్పానిష్ మాట ఇంగ్లీషు 'ఎగ్జిట్' లాగా ఉంది. కాని 'ఎక్సితో' అంటే విజయం. 'ఎగ్జిట్' అంటే బయటికి పోయే దారి. రెండింటికీ మూలం లాటిన్‌లో 'ఎక్సితుస్'. దానికి బయటికి పోవడం అనే అర్థం ఉంది, పని చివరకు తేలిన ఫలితం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషు మొదటి అర్థాన్ని పట్టుకుంది. స్పానిష్ రెండో అర్థాన్ని పట్టుకుని, మంచి ఫలితానికి వాడుకుంది.

మరికొన్ని చూడండి.

– 'లిబ్రెరియా' అంటే పుస్తకాలు అమ్మే దుకాణం. 'లైబ్రరీ' అంటే గ్రంథాలయం.
– 'కార్పెతా' అంటే కాగితాలు పెట్టుకునే ఫైలు. 'కార్పెట్' అంటే తివాచీ.
– 'ఆక్తువాల్మెంతె' అంటే ప్రస్తుతం. 'యాక్చువల్లీ' అంటే నిజానికి.
– 'అసిస్తీర్' అంటే సాధారణంగా హాజరు కావడం. 'అసిస్ట్' అంటే సహాయం చేయడం.
– 'సెన్సీబ్లె' అంటే సున్నితమైన మనసు గలవాడు. 'సెన్సిబుల్' అంటే వివేకం గలవాడు.
– 'దెసెప్సియోన్' అంటే ఆశాభంగం. 'డిసెప్షన్' అంటే మోసం.
– 'ఎంబరసాదా' అంటే గర్భవతి. 'ఎంబరాస్డ్' అంటే సిగ్గుతో ఇబ్బందిపడిన మనిషి.

చివరి జత వల్ల నవ్వులపాలైనవారు రెండు వైపులా ఉన్నారు. స్పానిష్ నేర్చుకునే ఇంగ్లీషు మనిషి 'నాకు సిగ్గుగా ఉంది' అనబోయి 'నేను గర్భవతిని' అంటాడు. నవ్వుకుని సరిదిద్దుకుంటే సరిపోతుంది. అయితే అన్ని పొరపాట్లూ నవ్వుతో పోవు.

6. ఒక మాట ఖరీదు

1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ళ యువకుడు ఒకడు తీవ్రమైన తలనొప్పితో బాధపడి స్పృహ తప్పాడు. అతనిది క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. ఆసుపత్రికి తీసుకువచ్చిన ఆత్మీయులు, తిన్నదేదో పడక ఇలా అయిందని అనుకున్నారు. ఆ సంగతిని 'ఇంతొక్సికాదో' అనే మాటతో చెప్పారు. వారి వాడుకలో ఆ మాటకు, తిన్నదో తాగినదో వికటించి జబ్బు చేసినవాడు అని అర్థం.

వైద్యులకు అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్' లాగా వినిపించింది. ఇంగ్లీషులో ఆ మాటకు మద్యమో మాదకద్రవ్యమో తీసుకుని మత్తులో ఉన్నవాడు అని అర్థం. అతడు మాదకద్రవ్యం మోతాదు మించి తీసుకున్నాడని వారు భావించి, ఆ చికిత్సే చేశారు. రెండు భాషలూ బాగా వచ్చిన దుబాసీని పిలవలేదు. ఇరువైపుల వారికీ మాట అర్థమైనట్లే తోచింది.

అసలు జబ్బు మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి రెండు రోజులకు పైగా గడిచిపోయాయి. ప్రాణం దక్కింది గాని కాళ్ళు చేతులు పడిపోయాయి. తరవాత జరిగిన ఒప్పందంలో, అతని జీవితకాలం మొత్తానికి సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ మాట ఎవరికీ తెలియనిదై ఉంటే, 'దీని అర్థం ఏమిటి?' అని అడిగేవారు. తెలిసినట్లు కనిపించింది కాబట్టే ఎవరూ అడగలేదు. తెలియని మాట మనల్ని ఆపుతుంది. తెలిసినట్లు కనిపించే మాట ఆపదు. అందుకే రెండో దాని విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

7. అసలు కష్టం పొట్టి మాటలతో

స్పానిష్ విద్యార్థికి ఇంకొక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో 'పుట్', 'గెట్', 'గివ్' వంటి పొట్టి క్రియలు, 'అప్', 'ఆఫ్', 'ఔట్' వంటి చిన్న మాటలతో కలిసి కొత్త అర్థాలు ఇస్తాయి. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం. 'ఫైండ్ ఔట్' అంటే తెలుసుకోవడం. 'పుట్ అప్ విత్' అంటే సహించడం.

ఇదే అర్థాలకు ఇంగ్లీషులో లాటిన్ మాటలూ ఉన్నాయి: 'పోస్ట్‌పోన్', 'డిస్కవర్', 'టాలరేట్'. స్పానిష్‌లో వాటికి 'పొస్పోనెర్', 'దెస్కుబ్రీర్', 'తొలెరార్' ఉన్నాయి కాబట్టి ఇవి వెంటనే పడతాయి. 'పుట్ అప్ విత్' మాత్రం పట్టుబడదు. 'చేయి' తెలుసు, 'పట్టు' తెలుసు అన్నంత మాత్రాన, 'కొత్త పని చేపట్టాడు' అన్నప్పుడు పరభాషవారికి తెలుస్తుందా? ఇదీ అంతే.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. స్పానిష్ విద్యార్థి మామూలు సంభాషణలో కూడా బరువైన మాటలే వాడతాడు. 'బిగిన్' అనవలసిన చోట 'కమెన్స్' అంటాడు. టీ కొట్టు దగ్గర నిలబడి 'కొంచెం ఉష్ణోదకం ప్రసాదించండి' అన్నట్లు ఉంటుంది అది. తప్పు కాదు, కాని ఆ చోటికి అతకదు. కాబట్టి పెద్ద మాట నేర్చుకున్న ప్రతిసారీ దాని పక్కన ఉండే పొట్టి మాట కూడా నేర్చుకోవాలి.

ఉచ్చారణ కూడా ఇటువంటిదే. కాగితం మీద చూసి పోల్చుకున్న మాటను చెవితో విన్నప్పుడు పోల్చుకోలేకపోవచ్చు. 'ఇనెవితాబ్లె'కూ 'ఇనెవిటబుల్'కూ రాతలో ఉన్న దగ్గరితనం మాటలో లేదు.

8. నేర్చుకునే పద్ధతి

ఇంతవరకు చెప్పినదాన్ని అయిదు మెట్లుగా చేసుకోవచ్చు.

మొదటి మెట్టు: కొత్త మాట ఎదురైతే దాని తోకను, వేరును చూడాలి. తల్లిభాషలో దాని చుట్టం ఉందేమో వెతకాలి.

రెండో మెట్టు: చుట్టం అర్థాన్ని వాక్యంలో పెట్టి చూడాలి. 'లైబ్రరీలో పుస్తకం తీసుకుని వారం తరవాత తిరిగి ఇచ్చాను' అనే వాక్యంలో పుస్తకాల దుకాణం అనే అర్థం ఇమడదు. వాక్యమే సాక్షి.

మూడో మెట్టు: నిఘంటువు చూడాలి. నోటు పుస్తకంలో మాట పక్కన గుర్తు పెట్టాలి. అర్థం ఒకటే అయితే 'ఒకటే', కొంత కలిస్తే 'కొంత', కలవకపోతే 'వేరు' అని రాసుకోవాలి.

నాలుగో మెట్టు: ఆ మాటను ఎవరైనా పలుకుతుండగా వినాలి. తరవాత పైకి పలకాలి.

అయిదో మెట్టు: తన జీవితం నుంచి సొంత వాక్యం రాయాలి. పక్కనే పొట్టి మాట జత కూడా రాయాలి.

ఇక పునశ్చరణ. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, నేర్చుకున్నది ఎంత త్వరగా మరచిపోతామో తన మీద తానే పరీక్షించుకుని ప్రచురించాడు. మరపు మొదటి గంటలలో, మొదటి రోజులలో ఎక్కువగా ఉంటుందని ఆయన చూపాడు. అందువల్ల ఒకే రాత్రి 50 మాటలు చదవడం కంటే, రోజుకు 5 మాటలు చదివి, వాటిని మరునాడు, వారానికి, నెలకు మళ్ళీ చూడడం మేలు.

9. ఇది మనకెలా పనికివస్తుంది?

మీరు హిందీ నేర్చుకుంటున్నారా? పనికోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్ళే ఆలోచన ఉందా? అయితే మీ చేతిలో కూడా ఇటువంటి ఆస్తే ఉంది. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు ఆ భాషలలోనూ ఉన్నాయి. విద్యార్థి, సమాచారం, విజ్ఞానం వంటి మాటలు కొద్ది మార్పుతో మీకు హిందీలో ఎదురవుతాయి.

కాని అక్కడ కూడా ముఖం ఒకటై మనసు వేరైన మాటలు ఉన్నాయి. 'శిక్షా' అంటే హిందీలో చదువు. మనకు 'శిక్ష' అంటే దండన. 'ఉపన్యాస్' అంటే నవల, మనకు ప్రసంగం. 'చరిత్ర్' అంటే నడవడిక. మనకు జరిగిపోయిన కాలపు కథ. 'సంసార్' అంటే లోకం. మనకు కుటుంబ జీవితం. 'అవసరం' అనే ఒక్క మాటను చూడండి. తెలుగులో అది కావలసిరావడం. హిందీలో 'అవసర్' అంటే అవకాశం. తమిళంలోనూ కన్నడంలోనూ తొందర. ఒకే మాట నాలుగు ఊళ్ళలో మూడు విధాలుగా బతుకుతోంది.

సారాంశం

స్పానిష్, లాటిన్ బిడ్డ. ఇంగ్లీషు చదువు మాటలలో ఎక్కువ భాగం లాటిన్ నుంచి వచ్చినవే. కాబట్టి స్పానిష్ వారికి ఇంగ్లీషులోని పెద్ద మాటలు తేలిక, పొట్టి మాటలు కష్టం. మాటల తోకలు, వేళ్ళు అర్థాన్ని ఊహించడానికి తోడ్పడతాయి. ఊహను వాక్యంతోనూ నిఘంటువుతోనూ సరిచూసుకోవాలి. ఆరోగ్యం, డబ్బు, చట్టం వంటి విషయాలలో అయితే, తెలిసినట్లు తోచే మాటను కూడా 'మీరు చెప్పేది ఇదేనా?' అని అడిగి నిర్ధారించుకోవాలి. అలా అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

అ) ఒక స్పానిష్ మనిషి ఇంగ్లీషులో 'నిన్న నేను క్లాసును అసిస్ట్ చేశాను' అనే అర్థం వచ్చేలా అన్నాడు. ఆయన చెప్పదలచినది ఏమిటి?
ఆ) హిందీలో ఒకరు 'ముఝే అవసర్ మిలా' అన్నారు. దాని అర్థం ఏమిటి?
ఇ) తెలియని మాట కంటే తెలిసినట్లు కనిపించే మాట విషయంలో ఎక్కువ జాగ్రత్త ఎందుకు కావాలి? నాలుగు వాక్యాలలో రాయండి.

చేయవలసిన పని: మీ ఊళ్ళో గాని, పనిచేసే చోట గాని వేరే భాష మాట్లాడేవారు ఉంటే వారితో కూర్చోండి. రెండు భాషలలోనూ ఉన్న 10 మాటలు రాయండి. ఒక్కొక్క దాని పక్కన 'ఒకటే', 'కొంత', 'వేరు' అని గుర్తు పెట్టండి.

జవాబులు

పరీక్ష 1: అ) ఎడ్యుకేషన్  ఆ) రియాలిటీ  ఇ) క్యూరియస్  ఈ) ఫైనల్లీ
పరీక్ష 2: అ) క్లాసుకు హాజరయ్యానని.  ఆ) నాకు అవకాశం దొరికింది.  ఇ) 6వ భాగం చివరి పేరాను మళ్ళీ చదివి, మీ జవాబుతో పోల్చి చూసుకోండి.